‘సూద్దాం’ని ఇంగ్లీషులో ఏమంటారు?

నేను రిటైరయ్యాక మా కాలేజీలో కొత్తగా చేరిన ఇంగ్లీషు లెక్చరరమ్మాయి ఒకసారి మా ఇంటికొచ్చింది. "మేడమ్, పిల్లలకి ఇంగ్లీషు రావాలంటే ముందు ఏం నేర్పాలి?" అని అడిగింది. గ్రామర్ అంటానని కాబోలు పెన్ను కూడా తీసింది. "ఇంగ్లీషువాళ్ళు దేనికి సిగ్గుపడతారో ముందు అది చెప్పమ్మా" అన్నాను. పెన్ను మూసేసి, టీ తాగి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. ఆ రోజు సరిగా చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను. ఆ అమ్మాయి చదివినా సరే, ఇంకెవరు చదివినా సరే.

నా పేరు సుగుణ. అనకాపల్లిలో ఒక జూనియర్ కాలేజీలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇంగ్లీషే చెప్పాను. ప్రమోషన్ల గురించీ ట్రాన్స్‌ఫర్ల గురించీ రాయను. అవి అందరివీ ఒకేలా ఉంటాయి, వినేవాళ్ళకి ఆవలింతలు వస్తాయి.

అమ్మకి థాంక్యూ

నేను చేరిన కొత్తలో మా ప్రిన్సిపాల్ గారు మంచాయన. ఎవరినీ పల్లెత్తు మాట అనేవారు కాదు. అయితే ఆయన దృష్టిలో ఇంగ్లీషు ఒక రకం సబ్బు. పల్లె పిల్లలకి గట్టిగా పట్టిస్తే తెల్లబడతారని ఆయన నమ్మకం. ఒక సోమవారం అసెంబ్లీలో ప్రకటించారు: "ఈ రోజు నుంచి ప్లీజ్, థాంక్యూ, సారీ ఈ మూడూ అందరూ వాడాలి. కాలేజీలోనే కాదు, ఇంట్లో కూడా. సభ్యత ఇంట్లోనే మొదలవుతుంది."

రెండ్రోజులకి కశింకోట అవతల ఒక ఊరినుంచి షేర్ ఆటోలో ఒకావిడ దిగింది. వెనక తల వంచుకుని వాళ్ళమ్మాయి, ఫస్టియర్ పద్మ. ఆవిడ తిన్నగా ప్రిన్సిపాల్ గదిలోకి నడిచింది. నేను అక్కడే ఉన్నాను.

"మీరేనా ఇంగ్లీసు మేడమ్మ? మా పిల్లకి ఏటి నేర్పుతున్నారమ్మా మీరు? నిన్న అన్నంలో కూర ఏత్తే 'తాంకూ' అన్నాది. నాను దాన్ని కన్నదాన్నా, వోటల్లో వడ్డించేదాన్నా?"

ప్రిన్సిపాల్ గారు నవ్వుతూ, "అది సభ్యత అమ్మా" అన్నారు.

"సబ్బెత మాకూ తెల్సు బాబూ. పరాయోళ్ళు ఇంటికొత్తే దణ్ణం పెడతాం. ఇంట్లోవోళ్ళకి పెడతావేటి? నన్ను పరాయిదాన్ని సేసీసింది. రేతిరి నాకు అన్నం ఎల్లలేదు."

పద్మ కళ్ళనీళ్ళు పెట్టుకుని, "సారీ అమ్మా" అంది.

"సూసేరా! మల్లీ!" అని ఆవిడ కుర్చీలో కూలబడింది.

ప్రిన్సిపాల్ గారు థాంక్యూ కాలేజీ గేటు లోపలే చెల్లుతుందని ఆర్డరు మార్చారు. ఆవిడ శాంతించి, ఆయనకి దణ్ణం పెట్టి వెళ్ళింది.

ఆ రోజు నాకొకటి బోధపడింది. ఇంగ్లీషువాడి లెక్కలో ఒకే ఇంట్లో ఉన్నా మనిషి మనిషికీ వేరే వాకిలి ఉంటుంది. ఉప్పు అందించినా ఆ వాకిలి తట్టి అందించినట్టే. అందుకే ప్లీజ్, అందుకే థాంక్యూ. మన ఇళ్ళలో ఆ లోపలి వాకిళ్ళు లేవు. లేని తలుపు మీద కొడితే అమ్మ నెత్తిమీద కొట్టినట్టయింది. థాంక్యూ అన్న మాట తప్పు కాదు, అమ్మ కోపమూ తప్పు కాదు. ఆ మాట ఏ ఇంటి కొలతలకి కుట్టిందో చెప్పకుండా పిల్లకి తొడిగి పంపేం, అంతే.

పాలు ఒలికితే

అప్పట్నుంచి నేను ఇడియమ్స్ చెప్పే పద్ధతి మార్చేను. అంతకుముందు పదేసి చొప్పున బట్టీ పట్టించేదాన్ని. తరవాత ఒక్కొక్కటీ బోర్డు మీద రాసి, "మీ ఇంట్లో ఈ మాట అంటే ఏమవుతుంది?" అని అడిగేదాన్ని.

ఒలికిన పాల గురించి ఏడవకు అన్న ఇంగ్లీషు సామెత రాశాను. పద్మ లేచింది. తల్లి వచ్చి వెళ్ళాక ఆ పిల్లకి భయం పోయింది, నోరొచ్చింది. "ఏడవకపోతే ఎలా మేడమ్? గేదె మల్లీ సాయంత్రం దాకా ఇవ్వదు. ఈ సామెత పేకెట్ పాలోళ్ళు పెట్టుంటారు."

ఇంకోసారి ‘మైండ్ యువర్ ఓన్ బిజినెస్’ రాశాను. కిరాణా షాపాయన కొడుకు ఒకడు ఉత్సాహంగా, "మా నాన్న రోజూ ఇదే సెప్తాడు మేడమ్. తిరుగుళ్ళు మాని మన షాపు సూసుకోరా అని" అన్నాడు. అది తిట్టు అని చెప్తే వాడు నమ్మలేదు. నీ పని నువ్వు చూసుకోవడం మంచిదే కదా, అందులో తిట్టేముంది? అప్పుడు అడిగాను: "మీ వీధిలో ఎవరింట్లో ఏం జరిగిందో మీ అమ్మకి తెలుసా?" "తెల్సు." "తెలీకపోతే?" "తెలీకపోతే ఆళ్ళకి కోపం వత్తాది మేడమ్, పలకరించలేదని." క్లాసు క్లాసంతా ఔనంది. పట్టించుకోకపోవడం మన దగ్గర నేరం. పట్టించుకోవడం అక్కడ నేరం. ఆ ఒక్క మాట మీద గంట గడిచింది.

సిలబస్ వెనకబడిందని తరవాతొచ్చిన ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, "మేడమ్, మీరు టైమ్ వేస్ట్ చేస్తున్నారు" అన్నారు. టైమ్‌ని ఖర్చు పెట్టడం, పొదుపు చెయ్యడం, దుబారా చెయ్యడం అన్నీ ఇంగ్లీషువాడి రూపాయి భాషేనని ఆయనకి వివరించబోయాను. ఆయన వాచీ చూసుకున్నారు. ఆయన భాషాజ్ఞానం గురించి నా అభిప్రాయం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. బతికున్నారు కాబట్టి రాయను.

కోడి సంతోషం

ఇప్పుడు అసలు సంగతి. ఇది క్లాసులో జరగలేదు. నేను రిటైరైన ఏడాది ఒక ఆదివారం చర్చిలోంచి బయటికొస్తుంటే ఫోన్ మోగింది.

"మేడమ్, నేను పద్మని. కూర ఏత్తే తాంకూ అన్న పద్మని."

అత్తవారిదీ కశింకోట పక్క ఊరేనట. మావగారు అప్పలనాయుడు, ఇంకో పది పన్నెండు కుటుంబాలు కలిసి మందు వెయ్యకుండా బెల్లం వండుతున్నారు. మందు వేస్తే బెల్లం పసుపుపచ్చగా మెరుస్తుంది. వెయ్యకపోతే నల్లగా ఉంటుంది, మార్కెట్లో ఎవరూ దాని మొహం చూడరు. ఆ నల్లబెల్లమే కావాలని ఇంగ్లండు నుంచి ఒక కంపెనీవాళ్ళు శాంపిల్ తెప్పించుకున్నారు. ఇప్పుడు క్లేర్ అని ఒకావిడని చూసి రమ్మని పంపుతున్నారు.

"నా ఇంగ్లీషు ఈమెయిల్‌కి సరిపోద్ది మేడమ్. మా మావ మాట్లాడ్డం మొదలెడితే తెలుగులోనే ఆపలేను, ఇంగ్లీషులో ఎక్కడ ఆపుతాను? మీరు రావాలి. ఈ ఆర్డరు రాకపోతే వచ్చే ఏడు చెరకు తీసేసి సరుగుడు ఏసేత్తామంటన్నారు అందరూ."

వెళ్ళాను. క్లేర్ విశాఖ నుంచి కారులో వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి, పొడుగ్గా, నూలు చొక్కాలో. బెల్లం వండే పాకకి తలుపూ లేదు, గోడా లేదు. అయినా బయట ఆగి, "లోపలికి రావచ్చా?" అని అడిగింది. అప్పలనాయుడు చుట్టూ చూశాడు, లోపలెక్కడుందా అని.

తలపాగా సర్దుకుని ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "పెల్లయిందేటి?"

నేను దాన్ని కాస్త మెత్తబరిచి, మీ కుటుంబం గురించి అడుగుతున్నారన్నాను. తనకి పార్ట్‌నర్ ఉన్నాడని క్లేర్ చెప్పింది. నేను తొందరలో "భాగస్వామి ఉన్నారట" అనేశాను.

"ఏటి యాపారం? ఈవిడి వాటా ఎంత?"

పద్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "వ్యాపారం కాదు నాయుడు గారూ. భర్తలాంటివారు."

"లాంటోడంటే?"

"మావా, బెల్లం సూపించు" అంది పద్మ.

పెనంలో పాకం కుతకుతలాడుతోంది. కింద పొయ్యిలో చెరకు పిప్పి మండుతోంది. చల్లారిన దిమ్మ ఒకటి పగలగొట్టి అప్పలనాయుడు ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ కళ్ళు మూసుకుని చప్పరించింది. ఊరంతా చుట్టూ మూగి ఆవిడ మొహంలోకే చూస్తోంది.

"నాట్ బ్యాడ్ ఎట్ ఆల్" అంది క్లేర్.

"చెడ్డగా ఏం లేదంటున్నారు" అన్నాను.

ఆయన మొహం పెనంకన్నా నల్లబడింది. "సెడ్డగా లేదా? మా తాత నాటినుంచి వండుతన్నాం. సెడ్డగా లేదంటదా!"

"నాయుడు గారూ, ఆగండి. వాళ్ళ దేశంలో పొగడ్త పప్పులో ఇంగువలాంటిది. ఎక్కువేస్తే అనుమానిస్తారు. ఈ మాటకి చాలా బాగుందని అర్థం."

"మరి సాలా బాగుందని అనొచ్చు కదా?"

"అంటే మిమ్మల్ని కాకా పడుతున్నట్టుంటుందని."

ఆయన కొంచెం మెత్తబడ్డాడు. అప్పుడొచ్చింది కోడి. అప్పలనాయుడి భార్య సన్యాసమ్మ గారి కోళ్ళవి. చల్లారుతున్న బెల్లం దిమ్మల మధ్య ఒకటి తీరిగ్గా నడుచుకుంటూ వచ్చి, ఒక దిమ్మ ఎక్కి, మా అందరినీ చూసింది. క్లేర్ దానివైపు చిరునవ్వుతో చూస్తూ చాలా మృదువుగా ఒక మాట అంది. నేను ఉన్నదున్నట్టు తెలుగు చేశాను:

"ఈ కోళ్ళు ఇంకెక్కడైనా ఉంటే ఇంకొంచెం సంతోషంగా ఉంటాయేమో అని అనుకుంటున్నారు."

"కోళ్ళకేటమ్మా? ఇక్కడే సంతోసంగా ఉన్నాయి."

చుట్టూ ఇనప జాలీ కట్టించే విషయం వీలుంటే ఎప్పుడైనా ఆలోచించగలరా అని క్లేర్ మళ్ళీ అంది. అదీ తెలుగు చేశాను. అప్పలనాయుడు పళ్ళన్నీ కనబడేలా నవ్వి, "సూద్దాం లెండమ్మా, దాందేవుంది" అన్నాడు.

చూస్తామంటున్నారు, అదేం పెద్ద విషయం కాదంటున్నారు అని ఇంగ్లీషులో చెప్పాను. క్లేర్ మొహం విప్పారింది. "లవ్లీ" అంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని తృప్తిగా నవ్వుకున్నారు. ఆవిడ కారు వైపు కదిలింది.

నేను ఒక్క మాటా తప్పు చెప్పలేదు, అయినా ఇద్దరికీ అబద్ధమే చేరింది. ఇంగ్లండు లెక్కలో ఆ కోడి అప్పుడే వెళ్ళిపోయింది. కశింకోట లెక్కలో ఆ కోడి దాని ఆయుష్షు తీరేదాకా అక్కడే ఉంటుంది. నెల పోయాక ఆవిడ జాలీ ఏదని అడుగుతుంది, వీళ్ళు ఏ జాలీ అంటారు. ఆర్డరు పోతుంది, చెరకు పోతుంది, ఆ చోట సరుగుడు లేస్తుంది.

"ఒక్క నిమిషం" అన్నాను, రెండు భాషల్లోనూ.

ముందు క్లేర్‌కి చెప్పాను, ఆయన కుదరదన్నారని. ఆవిడ తెల్లబోయింది. "కానీ ఆయన నవ్వారు కదా?"

"కాదనేటప్పుడే మేం నవ్వుతాం. ఇంటికొచ్చిన మనిషి మొహం మీద కాదనడం మాకు చెంపదెబ్బతో సమానం. ‘చూద్దాం’ అని సాగనంపుతాం."

తరవాత ఇటు తిరిగాను. "నాయుడు గారూ, కోళ్ళుంటే ఆర్డరు లేదు. ఆవిడ చెప్పేశారు."

"ఎప్పుడు సెప్పింది? కోడి సంతోసం గురించి కదా సెప్పింది!"

"చెప్పడమంటే అదే."

"ఓలమ్మో! ఇందాకణ్ణుంచి నవ్వుతా నన్ను మందలిత్తన్నాదేటి?"

"మందలింపు కాదండీ. ఎదటి మనిషిని ‘ఇది చెయ్యి’ అనడం వాళ్ళకి సిగ్గు. అవతలివాడి ఇష్టాన్ని కాలితో తొక్కినట్టు. అందుకని అనుకుంటున్నానంటారు, వీలుంటే అంటారు, కోడి మీద పెట్టి చెప్తారు."

"మరి నాను సూద్దాం అన్నాను కదా! లేదని తెలీదా ఆవిడికి? సిన్నగుంటడికి కూడా తెల్సు."

అది మాటకి మాట ఇంగ్లీషులో చెప్పాను. క్లేర్ ముందు ఎర్రబడింది, తరవాత పగలబడి నవ్వింది. ఈ ఒక్కసారికి ఇద్దరూ ఉన్నది ఉన్నట్టు చెప్పుకోండి, నేనున్నాను అన్నాను. చలికాలంలో చన్నీళ్ళు పోసుకునేముందు పీల్చినట్టు ఆవిడ గట్టిగా ఊపిరి పీల్చి, "కోళ్ళు ఉండకూడదు. జాలీ కట్టాలి. లేకపోతే నేను కొనలేను" అంది. అనేసి వెంటనే సారీ చెప్పింది.

"ఇదీ మాట!" అన్నాడు అప్పలనాయుడు. ఇప్పుడాయన వంతు. ఆయనా చాలా కష్టపడ్డాడు. తలపాగా తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. "నానొప్పుకోలేనమ్మా. జాలీకి కాదు. కోళ్ళు నాయి కావు, మా ఆవిడియి. దాని కోళ్ళని పొమ్మంటే నాను పోవాలి."

అందరం సన్యాసమ్మ గారి వైపు చూశాం. అంతవరకూ ఆవిడ పెనం దగ్గర గరిటెతో మడ్డి తీస్తూ ఉంది. ఆవిడ ఒక్కటే అడిగింది: "ఆ అమ్మ కోడికూర తింటాదా?"

క్లేర్‌ని అడిగి, తినదట, మాంసమే తినదట అన్నాను.

"అయితే పర్లేదు. కోళ్ళంటే కోపం నేదన్నమాట. జాలీ కట్టించండి. నా కోళ్ళు బయట తిరుగుతాయి."

ఈ వృత్తిలోకొచ్చేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఈ కాస్తే. ఇంగ్లీషు ‘కాదు’ అని సులువుగా అనగలదు, ‘చెయ్యి’ అనడానికి నలిగిపోతుంది. మన తెలుగు తిను, కూర్చో, ఉండిపో, ఇంకో ముద్ద వేసుకో అని పొద్దస్తమానం ఆజ్ఞలే వేస్తుంది, ‘కాదు’ ఒక్కటీ గొంతు దాటదు. వాళ్ళ మర్యాద మనిషిని ఒంటరిగా వదిలెయ్యడంలో ఉంది. మన మర్యాద వదలకపోవడంలో ఉంది. ఇది తెలీకుండా డిక్షనరీ అంతా బట్టీ పట్టినా మనిషి చెప్పేది అర్థం కాదు.

మాడుగుల పెళ్ళి

కారెక్కేముందు మన వీడ్కోలు మాట ఏమిటని క్లేర్ అడిగింది. గుమ్మంలో వెళ్తాననకూడదని, వెళ్ళి వస్తాననాలని పద్మ నేర్పింది. క్లేర్ అందరివైపూ తిరిగి "ఎల్లొత్తాను" అంది. పద్మ ఎలా పలికితే అలాగే. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు.

"ఎప్పుడొత్తావమ్మా?" అంది సన్యాసమ్మ గారు. ఆ ప్రశ్నకి మా వైపు ఎవరూ జవాబు చెప్పరు. అడగడమే ముద్దు. క్లేర్ మాత్రం ఫోన్ తీసి క్యాలెండర్ చూసి, "మార్చి రెండో వారం. బుధవారమైతే మీకు వీలేనా?" అంది. నేను తెలుగు చేశాక అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తరవాత ఎందుకేనా మంచిదని అందరూ తలలూపారు.

జాలీ కట్టారు. ఫొటోలు వెళ్ళాయి. వాళ్ళనుకున్నంత పెద్దది కాకపోయినా ఆర్డరు వచ్చింది. సరుగుడు మాట ఆగింది. మార్చి రెండో వారం బుధవారం పొద్దున్న క్లేర్ నాకు ఫోన్ చేసింది. గొంతులో కంగారు. పాక దగ్గర ఎవరూ లేరట. ఊళ్ళోనే ఎవరూ లేరట.

పద్మకి ఫోన్ చేస్తే వెనకాల డోలూ సన్నాయీ వినిపిస్తున్నాయి. "మా మావ మేనల్లుడి పెళ్ళి మేడమ్, మాడుగులలో. ముహూర్తం ఇదే కుదిరింది. క్లేర్ గారిని కూడా తీసుకొచ్చేయండి."

"ఆవిడకి ముందే చెప్పలేదా?"

"సెప్పడవెందుకు మేడమ్? రమ్మన్నాం, వత్తాదని తెల్సు. వత్తే పెల్లికి తెచ్చేత్తాం. ఇందులో సెప్పడానికేటుంది?"

క్లేర్ వచ్చి నన్నెక్కించుకుంది. దారి పొడుగునా కారులో బిగుసుకుని కూర్చుంది. పిలవని పెళ్ళికి ఎలా వెళ్తాం, బట్టలు సరిగా లేవు, బహుమతి తేలేదు అని మూడుసార్లంది. పందిట్లో అడుగు పెట్టిన అయిదు నిమిషాలకి ఆవిడ ముందు విస్తరి ఉంది. ఎదుటి వరసలో ఎర్రచొక్కా పెద్దాయన అప్పలనాయుణ్ణి గట్టిగా అడిగాడు.

"ఈ దొరసానమ్మ ఎవలు బావా? నీకేటవుద్ది?"

అప్పలనాయుడు గారెలు వడ్డిస్తూ తల ఎత్తకుండా, "మా సెల్లెలు" అన్నాడు.

"నీకు సెల్లెలైతే నాకు మరదలే కదా!" అని ఆ పెద్దాయన లేచాడు. మరదలంటే ఇక వేళాకోళానికి లైసెన్సే. హల్వా పళ్ళెం పట్టుకొచ్చి, "ఏటి మరదలా, బావ ఊరొచ్చి మాటామంతీ లేదు? మాడుగుల హల్వా తినకుండా ఎల్లిపోదావనే?" అని క్లేర్ విస్తట్లో పెద్ద ముద్ద వేశాడు.

ఆయన నన్నేమని పిలుస్తున్నారని క్లేర్ అడిగింది. నాకు తెలిసిన మాట ఒక్కటే. "సిస్టర్ ఇన్ లా" అన్నాను.

క్లేర్ పెద్దాయన్ని చూసింది, అప్పలనాయుణ్ణి చూసింది, గారెను చూసింది. "ఇన్ లా? ఏ చట్టం ప్రకారం?" అంది.

నవ్వాపుకుంటూ తెలుగు చేశాను. అప్పలనాయుడు గారెల బుట్ట కింద పెట్టి, ఎర్రచొక్కాయనతో ఒక్క క్షణం సంప్రదించి నాతో అన్నాడు: "సట్టంతో పనేటి? నోరుంది, పిలిసేం. ఆవిడ కూడా పిలిత్తే అయిపోద్ది."

ఆ పిలుపేమిటని క్లేర్ నా చెవిలో అడిగింది. చెప్పాను. ఆవిడ హల్వా ముద్ద నోట్లో పెట్టుకుని, చప్పరించి, విస్తరి పెద్దాయన వైపు కొంచెం జరిపింది.

"బావా, ఇంకొంచెం."

పంక్తి పంక్తంతా గొల్లుమంది. ఎర్రచొక్కా పెద్దాయన సిగ్గుతో తల తిప్పుకుని, హల్వా కోసం తనే వంటశాల వైపు పరుగెత్తాడు.